అర్థమైందండి

నవంబరు 4, మంగళవారం

ఈ ఉదయం తొమ్మిదో తరగతి వెనక కిటికీ ఊచలు తడిగా ఉన్నాయి. వాన పడలేదు. మంచు కాలం ఇంకా రాలేదు. వేలితో ముట్టుకుంటే చల్లగా తగిలింది. కొంగుకు తుడుచుకుని హాజరు పిలిచాను.

లెక్కల పేపర్లు దిద్దడం పూర్తయింది. రెండో యూనిట్ టెస్టు. నలభై రెండు మందిలో పదకొండు మంది పాసయ్యారు.

కూడిక తప్పేమో అనుకుని మళ్ళీ చూశాను. కూడిక సరిగ్గానే ఉంది.

ఈ పాఠం దసరా సెలవుల తర్వాత నుంచి చెబుతున్నాను. రెండు చరరాశుల సమీకరణాలు. ఒక్కొక్క మెట్టూ విడదీసి, ఎందుకలా చేస్తామో కారణంతో సహా చెప్పాను. బోర్డు మీద తక్కువ రాసి, ఎక్కువ వివరించాను. ప్రతి మెట్టు దగ్గరా ఆగి "అర్థమైందా?" అని అడిగాను. ప్రతిసారీ క్లాసంతా ఒక్క గొంతుతో "అర్థమైందండి" అంది.

అర్థమైనవాళ్ళు ఇలా రాయరు. చాలామంది, ప్రశ్నలో అంకెలు మారినా, నేను బోర్డు మీద వేసిన లెక్కనే అవే అంకెలతో వేశారు. జవాబు కింద రెండు గీతలు కూడా గీశారు, నేను గీసినట్టే.

వీళ్ళు ఇంట్లో పుస్తకం తీయడం లేదు. అంతే.

నవంబరు 5

కార్తీక పౌర్ణమి. సెలవు.

పొద్దున్నే ఇంటావిడ చిట్టెమ్మ గారు తలుపు కొట్టారు. "కాలవకి వస్తారా అమ్మా, దీపాలు వదలడానికి?"

తలనొప్పిగా ఉందన్నాను.

"ఏంటి?"

మళ్ళీ చెప్పాను. "ఆఁ, సరే సరే" అని వెళ్ళిపోయారు.

తలనొప్పి లేదు. అంతమంది ఆడవాళ్ళ మధ్య నిలబడి ఏం మాట్లాడాలో నాకు తెలియదు. మేడ మీద నుంచి చూశాను. అరటి దొప్పల్లో దీపాలు వరుసగా లాకుల దాకా వెళ్ళి, నీళ్ళు కిందికి దూకే చోట ఆరిపోయాయి.

అమ్మకు వీడియో కాల్ చేశాను. సిగ్నల్ ఆగి ఆగి వచ్చింది. ఆమె ముఖం సగం నవ్వు దగ్గర నిలిచిపోయింది.

మధ్యాహ్నం నవల చదువుదామని కూర్చున్నాను. ఒకే పేజీ చాలాసేపు చదివాను.

నవంబరు 6

పేపర్లు ఇచ్చేశాను. ఎవరూ ఏడవలేదు. చివరి బెంచీలో కూర్చునే నాగదుర్గకు నలభైకి ఆరు వచ్చాయి. క్లాసులో అందరికంటే పొడుగు ఆ పిల్లే. పేపరు చిన్నగా మడిచి జామెట్రీ బాక్సులో పెట్టుకుని నా వైపు చూసి నవ్వింది. వెక్కిరిస్తోందేమో అనిపించింది.

పేపరంతా మళ్ళీ మొదటి నుంచి చెప్పాను. అర్థమైందా? అర్థమైందండి.

సాయంత్రం హెడ్మాస్టరు గారు పిలిపించారు. శివరామకృష్ణ గారి గదిలో కుర్చీ ఉంటుంది గాని, కూర్చోమని ఎవరూ అనరు.

"ఏంటండి సారిక గారు, పదకొండు మందా?"

పాఠం మళ్ళీ చెబుతున్నానన్నాను.

"ఆఁ ఆఁ. అది కాదండి. వచ్చే ఏడు ఈ పిల్లలు టెన్త్. మనం గేటు మీద వందకి వంద అని రాసుకున్నాం. చూశారుగా?"

"చూశానండి."

"ఇరవై రెండున పేరెంట్స్ మీటింగు. ఈలోపు రీటెస్టు పెట్టండి. అందులోనూ తప్పినవాళ్ళకి టీసీ ఇచ్చేద్దాం, ఓపెన్ స్కూల్లో కట్టుకుంటారు."

"అంతమందికాండీ?"

"ఎంతమందైతే అంతమందికండి. మీకు మనసొప్పకపోతే ఒక పని చేయండి. రీటెస్టు ప్రశ్నలు ముందు రోజు బోర్డు మీద వేసేయండి. అందరూ చేసేదే."

నేనేమీ అనలేదు. ఆయన దాన్ని సరే అనుకున్నారు.

ఇక్కడ ఓపెన్ స్కూలంటే చదువు మానేయడమే. కిందటేడు అలా టీసీ తీసుకున్న ఒకమ్మాయి ఇప్పుడు రొయ్యల షెడ్డులో తలలు తుంచుతోందట. తెలుగు టీచరు సువార్తమ్మ గారు చెప్పారు.

నవంబరు 7

ఈ ఊళ్ళో అందరూ అరిచి మాట్లాడతారు. కోపం లేకపోయినా. పక్క క్లాసులో సువార్తమ్మ గారు తెలుగు పద్యం చదివితే నా క్లాసు గోడ అదురుతుంది. రాజమండ్రిలో మా కాన్వెంటు సిస్టర్లు, ఆడపిల్ల గొంతు పక్క బెంచీ దాటకూడదనేవారు.

నవంబరు 10

స్టాఫ్ రూములో మార్కుల జాబితా ముందు పెట్టుకుని కూర్చున్నాను. సువార్తమ్మ గారు క్యారేజీ విప్పుతూ, "పాసయినవాళ్ళెవరో చదవండి, విందాం" అన్నారు. చదివాను.

"ఏంటండి గుసగుసలాడతారు? ఇటివ్వండి, నేనే చదువుతాను." చదివి పెద్దగా నవ్వారు. "అందరూ బుడతలేనండి బాబూ. ఆ పావని అయితే బెంచీ ఎక్కితేగాని కనపడదు. పొడుగ్గా పెరిగితే లెక్కలు రావేంటండి? అయితే నాకెప్పుడూ రావన్నమాట."

నిజమే. పాసయినవాళ్ళంతా పొట్టి పిల్లలు.

ఆలోచిస్తే కారణం తట్టింది. మా స్కూల్లో ఎత్తును బట్టి కూర్చోబెడతారు. పొట్టివాళ్ళు ముందు, పొడుగువాళ్ళు వెనక. ముందున్నవాళ్ళు శ్రద్ధగా వింటారు. వెనకవాళ్ళు ఆటల్లో పడతారు. ఇంత చిన్న విషయం ఇన్నాళ్ళూ గమనించలేదు.

పెరుగు పులిసిపోయింది. అలాగే తిన్నాను.

నవంబరు 11

వెనకవాళ్ళు ఆటలాడడం లేదు. ఈ రోజు పీరియడంతా వాళ్ళనే చూశాను. అందరూ కదలకుండా నా ముఖం వైపే చూస్తున్నారు.

నవంబరు 12

సాయంత్రం అదనపు క్లాసు తీసుకున్నాను. ఇంతకన్నా విడమరిచి ఎవరూ చెప్పలేరు. చివర్లో చిన్న స్లిప్ టెస్టు పెట్టాను. అంతకు ముందులాగే ఉంది.

వీళ్ళకు నేనంటే లెక్క లేదు. కొట్టను, తిట్టను కదా.

నవంబరు 13

ఈ రోజు జరిగింది వరసగా రాయాలి.

నేను చెబితే ఎక్కడం లేదు కాబట్టి వాళ్ళలో ఒకరి చేత చెప్పిద్దామనుకున్నాను. పావనిని బోర్డు దగ్గరికి పిలిచి, నిన్నటి లెక్క అందరికీ వివరించమన్నాను. నేను అడ్డంగా ఉండకూడదని వెనక్కి వెళ్ళి కిటికీ పక్కన, నాగదుర్గ బెంచీ చివర నిలబడ్డాను. జూన్‌లో చేరాక క్లాసు చివరిదాకా నడవడం బహుశా ఇదే మొదటిసారి. హాజరు పిలిచేముందు కిటికీ తెరవడానికి వెళ్ళడం తప్ప.

పావని చాక్‌పీసు పట్టుకుని చెప్పడం మొదలుపెట్టింది. చెప్పింది. ఇటు తిరిగి చెప్పింది, అటు తిరిగి రాసింది, మళ్ళీ ఇటు తిరిగింది. పెదవులు కదులుతున్నాయి. చేయి కదులుతోంది. ఆఖర్న నా వైపు చూసి ఆగింది, బాగా చెప్పానా అన్నట్టు.

నేను తల ఊపాను.

నా చుట్టూ అందరూ ఊపారు.

ఆ తర్వాత తెలిసింది, ఒక్క ముక్క కూడా నాకు వినపడలేదని. వంగి నాగదుర్గను అడిగాను.

"ఏం చెప్పింది?"

"తెలీదండి."

"మరి తలెందుకు ఊపావు?"

"మీరూ ఊపారు కదండి."

పక్కనున్న పిల్లలు నవ్వారు. ఆ పిల్ల నవ్వలేదు. ఏదో తప్పు మాట అన్నట్టు నా చేతి వైపు చూసింది.

"నేను చెప్పేది ఇక్కడికి వినపడుతుందా?"

పక్క పిల్లలు నాగదుర్గను మోచేత్తో పొడిచారు. నాగదుర్గే అంది: "బోర్డు మీద రాసింది కనపడుద్దండి. అది రాసేసుకుంటాం."

"వినపడుతుందా అని అడిగాను."

"మీరు నోరు బాగా తెరిచి చెబితే కొంచెం తెలుస్తాదండి."

"జూన్ నుంచీ ఒక్కరు కూడా చెప్పలేదేం?"

"మీరు బాధపడతారనండి." తర్వాత మెల్లిగా, అంటే ఈ ఊరి మెల్లిగా, "ఇదివరకు లెక్కల సారు బాగా వినపడేవారండి. బాగా కొట్టేవారండి. మీకు చెబితే, వినపట్టం లేదని పెద్ద సారు మిమ్మల్ని మార్చేస్తారేమోనని..."

కిటికీ లోంచి వంగి చూశాను. గోడ వెనకే కాలువ, లాకులు. తలుపుల కింద నుంచి నీళ్ళు నురగలు కక్కుతూ దూకుతున్నాయి. తుంపర ముఖానికి తగిలింది. ఆ మోత నేను చేరిన రోజు నుంచీ ఉంది. మొదటి వారం నిద్ర కూడా పట్టలేదు. తర్వాత అది ఉన్నదన్న సంగతే మరిచిపోయాను. ఇక్కడివాళ్ళు అరవడం లేదు. ఆ మోత మీదుగా మాట్లాడుతున్నారు.

ముందు రెండు వరుసలకే నేను టీచరును. మిగిలినవాళ్ళకు బోర్డు ముందు నిలబడి పెదవులు కదిపే మనిషిని.

నవంబరు 14

బాలల దినోత్సవం. స్టేజీ మీద మైకు చేతికిచ్చి రెండు మాటలు చెప్పమన్నారు. "అందరికీ శుభాకాంక్షలు" అని తిరిగిచ్చేశాను. తొమ్మిదో తరగతి వెనక వరుస చాలాసేపు చప్పట్లు కొట్టింది. హెడ్మాస్టరు గారు లేచి చేయి ఊపితేగాని ఆపలేదు.

నవంబరు 15

శివరామకృష్ణ గారికి చెప్పాలి. ఈ రోజు ఆయన పనిలో ఉన్నారు.

నవంబరు 16, ఆదివారం

గదిలో తలుపు వేసుకుని గట్టిగా చదివాను, లెక్కల పుస్తకం. మూడో వాక్యానికి గొంతు బొంగురుపోయింది. చిట్టెమ్మ గారు పరుగెత్తుకొచ్చి, "ఎవరితోనమ్మా గొడవ?" అన్నారు. ఎవరితోనూ కాదన్నాను. "ఎవరైనా ఉంటే బాగుండును పాపం" అని నిమ్మకాయ మజ్జిగ ఇచ్చి వెళ్ళారు.

నవంబరు 17

బెంచీలు తిప్పించాను. బోర్డు వైపు వరుసలు కాకుండా మూడు గోడల వెంబడి, మధ్యలో ఖాళీ. వెనక కిటికీ మూయించాను. మధ్యలో నిలబడితే ఎవరూ మరీ దూరం కారు. తిరుగుతూ చెప్పాను, ఎవరి ముందు నిలబడితే వాళ్ళ ముఖం చూసి.

"అర్థమైందా" అని అడగడం మానేశాను. అడిగితే ఏం వస్తుందో తెలుసు. చేయి గుండె దగ్గర పెట్టుకుని వేళ్ళు చూపించమన్నాను. బాగా తెలిస్తే అయిదు, అసలు తెలియకపోతే పిడికిలి. అందరూ అయిదే చూపించారు. మర్యాద.

అప్పుడు కళ్ళు మూసుకోమన్నాను. మళ్ళీ చూపించమన్నాను.

రెండు. ఒకటి. పిడికిలి. రెండు. పిడికిలి. ముందు కూర్చునేవాళ్ళలో కూడా ఇద్దరిది మూడే. నాగదుర్గది పిడికిలి, గట్టిగా బిగించి, కళ్ళు ఇంకా గట్టిగా మూసుకుని.

ఆ గది మధ్యలో నిలబడి చాలాసేపు చూశాను. ఇంతమంది నాకు నిజం చెప్పడం ఇదే మొదలు.

నవంబరు 18

పాఠమంతా మళ్ళీ చెప్పలేదు. మెట్టు మెట్టుకూ ఆగి వేళ్ళు చూశాను. అందరి వేళ్ళూ ఒకే చోట ముడుచుకుపోయాయి: సమానం గుర్తుకు అటు పక్కనున్న అంకె ఇటు వస్తే ప్లస్ మైనస్ ఎందుకవుతుందన్న దగ్గర. ఇన్ని రోజులూ దాన్ని దాటి పైవన్నీ చెప్పాను. ఈ రోజు ఆ ఒక్కటే చెప్పాను, త్రాసు గీసి, రెండు పళ్ళేల్లోనూ ఒకే బరువు తీసి.

హెడ్మాస్టరు గారు గుమ్మంలో ఆగారు. "ఏంటండి ఇది, భోజనాల బంతిలాగా? వడ్డన ఎప్పుడు?"

పిల్లలు నవ్వారు. నేను చెప్పవలసింది అప్పుడే చెప్పి ఉండాలి.

చెప్పలేదు.

నవంబరు 19

చెప్పాను.

మధ్యాహ్నం ఆయన స్టాఫ్ రూముకే వచ్చారు, టీసీ ఇవ్వవలసినవాళ్ళ పేర్లు ఇమ్మని. రీటెస్టు కాకముందే. మీటింగుకు ముందు తల్లిదండ్రులకు ఫోన్లు చేసుకోవాలట. "ఎలాగూ తెలిసినవాళ్ళేగా" అన్నారు.

లేచి నిలబడ్డాను. పిల్లలకు వినపడలేదండి, తప్పు నాదండి, అన్నాను.

"ఆఁ ఆఁ. అలాగేనండి" అని తల ఊపారు. ఊపి, పేర్ల కోసం చేయి చాపారు.

ఆయనకు నేను వినపడలేదు.

"వాళ్ళకి నేను వినపడలేదండి."

ఇది ఎంత గట్టిగా వచ్చిందో నాకు తెలియదు. సువార్తమ్మ గారి చేతిలో ముద్ద ఆగింది. వరండాలో వెళుతున్న పిల్లలు నిలబడిపోయారు. ఆగితే మళ్ళీ మాట రాదని ఆపలేదు. రెండో వరుస దాటి నా మాట వెళ్ళలేదు, ముప్పై మంది మూకీ పాఠం విన్నారు, ఫెయిలయింది వాళ్ళు కాదు, నన్ను తీసేసినా సరే పేర్లు మాత్రం ఇవ్వను. ఇవన్నీ అన్నాను.

శివరామకృష్ణ గారు కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "అరుస్తారేంటండి" అన్నారు. తర్వాత, "ఈ గొంతు జూన్‌లోనే తెచ్చుకోవలసిందండి."

"అవునండి."

"రీటెస్టు పేపరు నేను తయారు చేస్తాను. మీకు చూపించను. సగం మంది దాటితే మార్చి దాకా ఎవరికీ టీసీ మాట ఎత్తను. దాటకపోతే వాళ్ళు ఓపెన్ స్కూలుకి, మీరు అయిదో తరగతికి. సరేనా?"

తల ఊపబోయి, "సరేనండి" అన్నాను.

ఆయన వెళ్ళాక సువార్తమ్మ గారు తన క్యారేజీ నా వైపు తోశారు. "తినండి. గొంతు చించుకున్నాక ఆకలేస్తుంది. నాకు రోజూ ఆకలి అందుకేనండి."

పప్పుచారు బాగుంది. ఇక్కడికొచ్చాక ఇంకొకరి గిన్నెలోంచి తినడం మొదటిసారి.

నవంబరు 20

వేళ్ళు: మూడు, నాలుగు, మూడు, అయిదు. నాగదుర్గది రెండు. కళ్ళు మూసుకోమనడం మరిచిపోయాను. ఆ పిల్ల కళ్ళు తెరిచే రెండు చూపించింది.

నవంబరు 21

రీటెస్టు. పేపరు కష్టంగానే ఇచ్చారు. హాలులో ఉన్నంతసేపూ ఎవరి పేపరులోకీ చూడకూడదని లాకుల వైపు చూస్తూ నిలబడ్డాను.

నవంబరు 22, శనివారం

ఇరవై ఏడు మంది.

పొద్దున్న శివరామకృష్ణ గారే చెప్పారు. పేపర్లు ఆయనే దిద్దారు. "సగం దాటారులెండి" అన్నారు. గుమ్మం దగ్గర ఆగి, "ఆ బెంచీలు అలాగే ఉంచండి. ఇన్స్పెక్షను రోజు తిప్పుదాం" అన్నారు.

నాగదుర్గకు పదకొండు వచ్చాయి. తప్పింది. కానీ టీసీ లేదు. మార్చి దాకా ఉంటుంది.

మీటింగుకు ఆమె తండ్రి బుల్లియ్య గారు వచ్చారు. లాకుల తలుపులు ఎత్తి దించే లస్కరు ఆయనే. ఆయన మాట్లాడితే హాలంతటికీ వినపడుతుంది.

"మా అమ్మాయికి చెవులేవైనా తేడా ఏంటండి? క్లాసులో వినపట్టం లేదంటది. ఇంట్లో బానే వినపడుద్ది. పక్కింట్లో ఏం కూరో కూడా చెప్పుద్ది."

అందరూ నవ్వారు. హెడ్మాస్టరు గారు నా వైపు చూశారు. ఆయన చెప్పేలోపు నేనే చెప్పాను, అందరికీ వినపడేలా. మీ అమ్మాయి చెవులు మంచివేనండి, నా గొంతే చిన్నది.

"ఓస్, అంతేనాండీ. మీ క్లాసు టైములో నీళ్ళు ఆపమంటారా చెప్పండి" అన్నారాయన. "కిందూళ్ళ రైతులొచ్చి నన్ను కాలవలో తోసేస్తారనుకోండి."

"వద్దండి. నేను అరవడం నేర్చుకుంటున్నాను."

"అరవండి అరవండి. మా ఊళ్ళో మొహమాటం లేదు."

మీటింగు అయ్యాక కుర్చీలు సర్దుతూ సువార్తమ్మ గారు అడిగారు. "ఆ వేళ్ళు చూపించే పద్ధతి బాగుందండి. సోమవారం నుంచి నేనూ పెడతాను. ఏ పుస్తకంలోదండి?"

ఎక్కడో చదివానన్నాను. బి.ఎడ్.లో అయి ఉంటుందన్నాను.

ఆ పద్ధతి పుస్తకంలోది కాదు. పుస్తకంలోది అయితే ఇన్ని నెలలు పట్టేది కాదు. పైగా ఈ సంగతి నాకంటే ముందు తెలియవలసినవాళ్ళు ఎవరూ లేరు. చుట్టాలు వచ్చి కూర్చుని మాట్లాడుతుంటే అన్నిటికీ నవ్వుతూ తల ఊపే మనిషిని చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను. వాళ్ళు వెళ్ళాక ఏం చెప్పారని చేత్తో నన్ను అడుగుతుంది. నేను వేళ్ళతో చెబుతాను. ఆ తల ఊపడం నలభై ముఖాల మీద రోజూ చూసి కూడా గుర్తుపట్టలేదు.

మా అమ్మకు పుట్టుకతోనే వినబడదు.